“నలుగురూ ఏమనుకుంటారో” అనే ఆ నలుగురు ఎవరు? స్త్రీపురుష పాత్రలు, స్వేచ్ఛ, విశ్వాసం మీద చర్చ

ఉదయరేఖ (చర్చను ప్రారంభించినవారు)

ఆడపిల్ల దూరప్రాంతంలో ఉద్యోగం చేస్తానన్నా, మగవాడు ఉద్యోగం మాని పిల్లలను చూసుకుంటానన్నా, పెద్దల విశ్వాసాన్ని పిల్లలు వద్దనుకున్నా మొదట వినిపించే అభ్యంతరం “సమాజం ఒప్పుకోదు” అనే. అలా అన్నవారిని విడిగా కూర్చోబెట్టి, మీకేమైనా అభ్యంతరమా అని అడిగితే, చాలామంది “నాకేం లేదు, నలుగురూ ఏమనుకుంటారో అనే నా బాధ” అంటారు. ఆ నలుగురినీ అడిగినా ఇదే సమాధానం వస్తే, ఇక ఒప్పుకోనిది ఎవరు?

ఈ ప్రశ్నను ముగ్గురు ఆర్థికవేత్తలు సౌదీ అరేబియాలో పరీక్షించారు. వారి పరిశోధన 2020లో ప్రచురితమైంది. రియాద్‌లో పెళ్లయిన యువకులను చిన్న చిన్న బృందాలుగా పిలిచి, స్త్రీలు ఇంటి బయట ఉద్యోగం చేయడం మీకు సమ్మతమేనా అని ఎవరికి వారిని రహస్యంగా అడిగారు. ప్రతి పదిమందిలో ఎనిమిదిమందికి పైగా సమ్మతమే అన్నారు. ఈ గదిలో మిగిలినవారిలో ఎంతమంది సమ్మతిస్తారనుకుంటున్నారు అన్న రెండో ప్రశ్నకు మాత్రం దాదాపు నాలుగింట మూడొంతుల మంది ఉన్నదానికంటే తక్కువ అంకె చెప్పారు. పాల్గొన్నవారిలో సగం మందికి అసలు అంకె తెలియజేసి, తరువాత భార్య పేరును ఒక ఉద్యోగ సమాచార సేవలో నమోదు చేసుకునే అవకాశం అందరికీ ఇచ్చారు. అంకె తెలియనివారిలో 23 శాతం మంది నమోదు చేసుకుంటే, తెలిసినవారిలో 32 శాతం మంది చేసుకున్నారు. ఎవరి మనసునూ ఎవరూ మార్చలేదు. పక్కవారి మనసు ఎలా ఉందో తెలిపారు, అంతే.

స్త్రీపురుష పాత్రలలో పెద్ద భాగం మన నమ్మకాల మీద కాక, ఇతరుల నమ్మకాల గురించి మనం వేసుకున్న తప్పుడు అంచనాల మీద నిలబడి ఉన్నదని నా అభిప్రాయం. దీన్ని ఒప్పుకునేవారూ ఒప్పుకోనివారూ కారణాలతో రాయవలసిందిగా కోరుతున్నాను.

విహారి

ఉదయరేఖ గారూ, మీరు చెప్పిన పరిశోధన విలువైనదే. కానీ ఆ అంచనాలు గాలిలోంచి పుట్టలేదు. అవి ఒకప్పటి జీవనాధారాల నుంచి పుట్టి, ఆ జీవనాధారాలు పోయిన తరువాత కూడా మిగిలిపోయినవి. డెన్మార్క్‌కు చెందిన ఆర్థికవేత్త ఎస్తర్ బోసెరప్ 1970లోనే ఈ సంగతిని ముందుకు తెచ్చారు. గునపంతోనో పారతోనో సేద్యం సాగినచోట పొలం పనిలో స్త్రీల వంతు ఎక్కువగా ఉండేది. నాగలి వచ్చినచోట, దాన్ని నడపడానికీ పశువులను అదుపు చేయడానికీ ఒంటి బలం ఎక్కువగా కావలసి రావడంతోనూ, పసిపిల్లలను కనిపెట్టుకుంటూ చేయగలిగిన పని కాకపోవడంతోనూ, పొలం మగవాడిదీ ఇల్లు ఆడదానిదీ అయింది. 2013లో అలెసీనా, జూలియానో, నన్ అనే ముగ్గురు దీన్ని ప్రపంచవ్యాప్త సమాచారంతో పరిశీలించారు. పూర్వం నాగలి వాడిన సమాజాల సంతతివారిలో నేటికీ స్త్రీల ఉద్యోగాల పట్ల వ్యతిరేకత ఎక్కువగా కనిపించింది. వారిలో వేరే దేశాలకు వలసపోయినవారి పిల్లలు నాగలిని కంటితో చూడకుండా పెరిగినా, ఆ తేడా కొంతవరకు నిలిచే ఉంది.

ఇది ఇంటిలోపలే తరం నుంచి తరానికి అందుతున్న నమ్మకమే తప్ప ఇరుగుపొరుగును చూసి వేసుకున్న లెక్క కాదు. ఒక్క అంకె వినిపించి దీన్ని కదిలించగలమని నాకు తోచదు.

నిర్మల

నాది మరో అభ్యంతరం. మన చర్చలో స్త్రీలందరూ బయటపడాలని ఎదురుచూస్తున్నవారిలాగా, భయం ఒక్కటే వారిని ఆపుతున్నట్లుగా చిత్రం వస్తోంది. నేను పుట్టి పెరిగిన కుటుంబంలో కట్టుబాట్లను అందరికంటే గట్టిగా నిలబెట్టినవారు పెద్దవయసు స్త్రీలే. వారు నటించలేదు, మనస్ఫూర్తిగా నమ్మారు.

టర్కీకి చెందిన సామాజికవేత్త డెనిజ్ కాండియోటి 1988లో రాసిన వ్యాసం దీనిని బాగా వివరిస్తుంది. కోడలిగా అడుగుపెట్టినప్పుడు స్త్రీకి ఏ అధికారమూ ఉండదు. కొడుకులు పుట్టి, పెరిగి, వారికి పెళ్లిళ్లు అయ్యాక చిన్నవారి మీద పెత్తనం ఆమె చేతికి వస్తుంది. పాతికేళ్లు ఓర్చుకున్నందుకు దక్కే ఏకైక ప్రతిఫలం అదే. సరిగ్గా ఆ దశకు చేరుకున్న స్త్రీ దగ్గరకు వెళ్లి, ఇకనుంచి కోడళ్లు ఎవరి మాటా వినవలసిన అవసరం లేదు అంటే, ఆమెకు అది విముక్తిలాగా వినిపించదు. తాను చెల్లించవలసినదంతా చెల్లించేశాక, రావలసినదాన్ని ఎగ్గొట్టినట్లు వినిపిస్తుంది. ఆమె కోపాన్ని అజ్ఞానం అనడం అన్యాయం. పాత ఏర్పాటు ఆమెకు ఏమి బాకీ పడిందో లెక్కలోకి తీసుకోని ఏ సంస్కరణ అయినా ఆమెను శత్రువుగానే మిగుల్చుకుంటుంది.

కార్తీకమేఘం

మీ ముగ్గురి మాటలనూ కలిపి చూడటానికి నేను చూసిన ఒక చిన్న విషయం పనికివస్తుందేమో. మా అన్నయ్య ఇంట్లో బట్టలు ఉతకడం, ఆరేయడం ఆయన పనే. వదినకు నడుంనొప్పి వచ్చినప్పుడు మొదలైంది, నొప్పి తగ్గినా అలాగే సాగుతోంది. ఒక ఆదివారం ఆయన దుప్పటి ఆరేస్తుండగా గేటు చప్పుడైంది. ఆయన తడి దుప్పటిని బకెట్‌లోకి జారవిడిచి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, ఫోను చెవి దగ్గర పెట్టుకున్నారు. ఆయన పిలవకముందే వదిన లోపలినుంచి వచ్చి, అదే దుప్పటి కొసను అందుకుని తీగ మీద వేశారు. ఇద్దరి మధ్య ఒక్క మాట కూడా జరగలేదు. క్లిప్పులు అందించడానికి పక్కనే నిలుచున్న ఐదేళ్ల కొడుకు, అప్పటిదాకా తండ్రి వైపు చాచిన చేతిని తల్లి వైపు తిప్పాడు.

అన్నయ్యకు ఆ పనిలో చిన్నతనం లేదు. ఉంటే అన్ని నెలలు చేసేవారు కాదు. చూసేవారి కళ్లలో చిన్నతనం అవుతుందని ఆయన అంచనా. ఉదయరేఖ గారు చెప్పింది ఇదే. కానీ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది వదిన వేగం. భర్త మర్యాదను కాపాడటం తన బాధ్యత అని ఆమె ఎంతగా నమ్మకపోతే అంత త్వరగా వస్తారు? అది నిర్మల గారు చెప్పిన మనస్ఫూర్తి నమ్మకం. ఇక ఆ పిల్లవాడు నేర్చుకున్నదే విహారి గారు చెప్పిన వారసత్వం అనుకుంటాను. మగవాళ్లు బట్టలు ఆరేయకూడదని వాడికి ఎవరూ చెప్పలేదు. ఎవరైనా వచ్చినప్పుడు మాత్రం ఆరేయకూడదని వాడు కళ్లారా చూశాడు.

సుమేధ

పిల్లల సంగతి వచ్చింది కాబట్టి రాస్తున్నాను, ఇది నా వృత్తికి దగ్గరి విషయం. 1976లో అమెరికాలో జాన్ కాండ్రీ, శాండ్రా కాండ్రీ చేసిన ప్రయోగంలో తొమ్మిది నెలల పాప వీడియోను పెద్దలకు చూపించారు. అందులో పెట్టె మూత తెరుచుకుని బొమ్మ ఎగిరి బయటికి వస్తుంది, పాప ఉలిక్కిపడి ఏడుస్తుంది. చూసినవారిలో కొందరికి ఇది మగపిల్లవాడని, మరికొందరికి ఆడపిల్ల అని చెప్పారు. మగపిల్లవాడనుకున్నవారికి ఆ ఏడుపులో కోపం ఎక్కువగా కనిపించింది, ఆడపిల్ల అనుకున్నవారికి భయం ఎక్కువగా కనిపించింది. వీడియో ఒక్కటే, ఏడుపు ఒక్కటే.

దీని పర్యవసానాన్ని కొంచెం ముందుకు తీసుకువెళ్లి చూడండి. భయపడిందనుకున్న పాపను ఎత్తుకుని గుండెకు హత్తుకుంటాం. కోపం వచ్చిందనుకున్న పిల్లవాడిని నవ్వించి, బొమ్మను మళ్లీ చేతికిస్తాం. ఒకరికి ప్రపంచం జాగ్రత్తగా ఉండవలసిన చోటుగానూ, మరొకరికి ఎదుర్కోవలసిన చోటుగానూ అర్థమవుతుంది. ఇదంతా మాటలు రాకముందే జరిగితే, పెద్దయ్యాక ఆ స్వభావం తనదేనని ఆ మనిషి గట్టిగా చెప్పడంలో ఆశ్చర్యమేముంది? ఆ మనిషి అబద్ధం చెప్పడం లేదు. స్వేచ్ఛ గురించి మాట్లాడేటప్పుడు నాకు అన్నిటికంటే కష్టంగా తోచే చోటు ఇదే.

తటస్థుడు

చర్చ ఒకే దిక్కుగా పోతోంది. స్త్రీపురుషుల మధ్య శరీరపరమైన, హార్మోనుల పరమైన తేడాలు ఉన్నాయి. అభిరుచులలో తేడాలన్నిటినీ సమాజం మీదకు నెట్టడం శాస్త్రీయం కాదు.

సుమేధ

తటస్థుడు గారూ, తేడాలు లేవని నేను అనడం లేదు. ఒక పని ఎవరిదన్న నిర్ణయం ఆ తేడాలను బట్టి జరిగిందా లేదా అన్నదే నా ప్రశ్న. కంప్యూటర్ ప్రోగ్రామింగ్‌నే తీసుకోండి. 1946లో ప్రపంచానికి పరిచయమైన ఎనియాక్ అనే తొలినాటి కంప్యూటర్ యంత్రానికి ప్రోగ్రాములు రూపొందించినవారు ఆరుగురు స్త్రీలు. యంత్రాన్ని తయారుచేయడం మగవారి పనిగానూ, దానికి లెక్కలు అమర్చడం గుమాస్తా పనికి దగ్గరగానూ ఎంచబడటంతో అది స్త్రీలకు దక్కింది. ఆ పనికి గౌరవం, జీతం పెరిగేకొద్దీ అది మగవారి బుద్ధికి తగిన పని అన్న పేరు తెచ్చుకుంది. అమెరికాలో కంప్యూటర్ శాస్త్రంలో పట్టా పొందినవారిలో స్త్రీల వాటా 1980ల మధ్యలో సుమారు 37 శాతానికి చేరి, తరువాత ఇరవై శాతం లోపుకు పడిపోయింది. ఇంత కొద్దికాలంలో ఎవరి హార్మోనులూ మారలేదు. ఒక్క ఉదాహరణతో మీ వాదమంతా కొట్టుకుపోతుందని నేను అనను. కానీ “ఇది సహజం” అనే ముందు, ఆ సహజత్వం వయసెంతో చూసుకోవాలి.

పాతబాట

విహారి గారి మొదటి మాటకు తిరిగి వస్తాను. లోతుగా వేళ్లూనుకున్న ఆచారం కదలదన్న అభిప్రాయానికి చరిత్రలో గట్టి ఎదురుసాక్ష్యం ఒకటి ఉంది. చైనాలో ఆడపిల్లల పాదాలను చిన్నతనంలోనే గుడ్డలతో బిగించి కట్టి, ఎముకలు విరిగి వంగేలా చేసే ఆచారం సుమారు వెయ్యేళ్లు సాగింది. కూతురి నొప్పిని కళ్లారా చూస్తూ, ఆ గుడ్డను బిగించినది ఎక్కువగా తల్లే. చక్రవర్తులు నిషేధించినా ఆగలేదు. అటువంటిది, ఉత్తర చైనాలోని డింగ్‌షియన్ ప్రాంతంలో 1890కి ముందు పుట్టిన స్త్రీలలో 99 శాతం మందికి పాదాలు కట్టి ఉండగా, 1919 తరువాత పుట్టిన ఆడపిల్లలలో ఒక్కరికీ కట్టలేదని సిడ్నీ గ్యాంబుల్ అక్కడ జరిపిన సర్వేలో తేలింది. వెయ్యేళ్ల ఆచారం ఒక్క తరంలో పోయింది.

ఎలా పోయిందన్నదానికి రాజనీతి శాస్త్రవేత్త జెరీ మాకీ 1996లో ఇచ్చిన వివరణ నాకు సరైనదిగా తోస్తుంది. పాదాలు కట్టని పిల్లకు పెళ్లి కాదు. కాబట్టి ఆ ఆచారం క్రూరమైనదని తెలిసిన తల్లి కూడా ఒంటరిగా మానలేదు, మానితే నష్టపోయేది కూతురే. ఉపన్యాసం ఎంత గొప్పదైనా ఈ ముడిని విప్పదు. అప్పటి సంఘాలు తల్లిదండ్రుల చేత రెండు ప్రమాణాలు కలిపి చేయించాయి: మా కూతుళ్ల పాదాలు కట్టము, పాదాలు కట్టిన పిల్లను మా కొడుకులకు చేసుకోము. ఈ రెండో ప్రమాణంలోనే కిటుకంతా ఉంది. పాదాలు కట్టని పిల్లలకు వరులు ఎక్కడ ఉన్నారో అందరికీ కనబడింది. సెనెగల్ దేశంలో మాలికుండా బంబారా గ్రామ స్త్రీలు 1997లో ఆడపిల్లల జననాంగాలను కోసే ఆచారాన్ని మానుతున్నట్లు బహిరంగంగా ప్రకటించినప్పుడూ ఇదే సమస్య వచ్చింది. పెళ్లి సంబంధాలు కలుపుకునే చుట్టుపక్కల ఊళ్లు కూడా కలిసి రాకపోతే ఒక్క ఊరి నిర్ణయం నిలవదని అక్కడి పెద్ద ఒకరు ఊరూరా నడిచి మాట్లాడారు. తరువాత ఆ ఊళ్లు ఉమ్మడిగా ప్రకటన చేశాయి.

కాబట్టి విహారి గారూ, లోతు ఎంత అన్నదానికంటే, ఒక్కరు మానితే ఏమవుతుంది, అందరూ కలిసి మానితే ఏమవుతుంది అన్న తేడానే ముఖ్యమని నేను అనుకుంటాను.

ప్రశాంతి

ఇంతవరకు రాసినవారిలో ఎవరూ నాలాంటివారి పక్షాన మాట్లాడలేదు. నేను చదువుకున్నదాన్ని, కొన్నాళ్లు ఉద్యోగం చేసినదాన్ని. నా విశ్వాసం ప్రకారం, ఇష్టపూర్వకంగా, ఇంటిని చూసుకోవడాన్ని ఎంచుకున్నాను. ఉద్యోగం మానినప్పుడు నన్ను వెనక్కి లాగినవారు సంప్రదాయవాదులు కారు, స్వేచ్ఛ గురించి మాట్లాడే స్నేహితులు. చదువంతా వృథా అయిందన్నారు, ఎవరో నా చేత మాన్పించారనుకున్నారు. నా నిర్ణయం నాదేనని నమ్మించడానికి నేను పడిన శ్రమ, కట్టుబాటు తెంచుకుని వెళ్లినవారు పడే శ్రమకు ఏమాత్రం తీసిపోదు. పాదాలు కట్టడంతో, అంగాలు కోయడంతో పోల్చి నా విశ్వాసాన్ని చూడకండి. అవి శరీరానికి, అదీ పసిపిల్లలకు, చేసిన హాని. నాది ఎదిగిన మనిషి ఎంపిక.

ఉదయరేఖ

ప్రశాంతి గారూ, మీ అభ్యంతరం న్యాయమైనది. ఎవరి ఎంపిక నిజమైనది, ఎవరిది కాదు అని బయటినుంచి తీర్పు చెప్పే అధికారం నాకు లేదు, ఎవరికీ ఉండకూడదు. సుమేధ గారు చెప్పినట్లు మనందరి ఇష్టాలూ ఎక్కడో ఒకచోట తయారైనవే. ఉద్యోగాన్ని కోరుకునే ఇష్టమూ అంతే. కాబట్టి ఒక ఇష్టం ఎక్కడినుంచి వచ్చిందని వెతకడం వల్ల స్వేచ్ఛ ఉందో లేదో తేలదు.

నేను చూసేది వేరు. రేపు మీరు మనసు మార్చుకుంటే ఏమి పోతుంది? కొంతమంది నొచ్చుకుంటారు, అది ఏ మార్పులోనైనా తప్పదు. తలదాచుకునే చోటు, పిల్లలు, చేతిలో డబ్బు, మాట్లాడే మనుషులు అన్నీ ఒక్కసారిగా పోయేటట్లయితే, ఇప్పుడు మీరు సంతోషంగానే ఉన్నా ఆ సంతోషానికి కాపలా ఉన్నట్లే. ఫ్రాన్స్‌లో 1965 వరకు భర్త తన భార్య ఉద్యోగాన్ని చట్టం ద్వారా అడ్డుకోగలిగేవాడు, ఆమె తన పేరిట బ్యాంకు ఖాతా తెరవాలన్నా అతని అనుమతి కావలసి వచ్చేది. అప్పట్లో ఇంటిపట్టున ఉన్న ఫ్రెంచి స్త్రీలలో మనస్ఫూర్తిగా ఉన్నవారు తప్పక ఉండి ఉంటారు. 1965 తరువాత కూడా వారు అలాగే ఉండవచ్చు. కానీ చట్టం మారాక మాత్రమే అది వారి ఎంపిక అని మనం ధైర్యంగా చెప్పగలం.

విశ్వాసానికీ ఇదే వర్తిస్తుంది. 1948 నాటి ఐక్యరాజ్యసమితి సార్వజనీన మానవ హక్కుల ప్రకటనలో 18వ అధికరణం విశ్వాసాన్ని కలిగి ఉండే హక్కుతో పాటు దాన్ని మార్చుకునే హక్కును కూడా పేర్కొన్నది. మార్చుకునే వీలున్నప్పుడే నిలుపుకోవడానికి విలువ వస్తుందని నేను అర్థం చేసుకున్నాను. అదే ప్రకటన మొదటి అధికరణంలో “పురుషులందరూ” అని ఉన్నచోట “మానవులందరూ” అని ఉండాలని పట్టుబట్టి మార్పించినవారు భారత ప్రతినిధి హంసా మెహతా. ఆ మార్పు జరగకపోతే 18వ అధికరణం ఎవరి కోసమో అన్న సందేహం ఎప్పటికీ మిగిలి ఉండేది.

విహారి

పాతబాట గారు చెప్పిన ఉదాహరణ బలమైనదే. అయితే అందరూ ప్రమాణాలు చేసేదాకా ఎదురుచూడనవసరం లేదు, కొన్నిచోట్ల చట్టమే మొదటి అడుగు వేసింది. నార్వేలో 1993కు ముందు తల్లిదండ్రుల సెలవును తండ్రులు కూడా తీసుకోవచ్చు, కానీ తీసుకున్నవారు నూటికి నలుగురికి మించరు. ఆ ఏడాది నాలుగు వారాలను తండ్రికే ప్రత్యేకించి, అతను వాడకపోతే అవి పోతాయని నిబంధన పెట్టారు. కొన్నేళ్లలోనే అర్హులైన తండ్రులలో అత్యధికులు ఆ సెలవు తీసుకోసాగారు. మునుపు సెలవు అడగడమంటే ఉద్యోగం మీద శ్రద్ధ లేదని యజమానికి చెప్పుకున్నట్లుండేది. ఇప్పుడు అడగకపోవడమే వింతగా మారింది.

దీనిమీద 2014లో వెలువడిన పరిశోధన మరో సంగతి బయటపెట్టింది. సెలవు తీసుకున్న తండ్రి సహోద్యోగులలోనూ, అన్నదమ్ములలోనూ సెలవు తీసుకునేవారు స్పష్టంగా పెరిగారు. తనకు తెలిసిన ఒక మనిషి సెలవు తీసుకుని, తిరిగివచ్చి, ఉద్యోగానికి ఏ హానీ లేకుండా పనిచేసుకుంటూ ఉండటాన్ని వారు చూశారు. కార్తీకమేఘం గారి అన్నయ్యలాంటివారి విషయంలో ఇది అక్షరాలా వర్తిస్తుంది.

కార్తీకమేఘం

అలాగైతే ఒక్క మనిషి కనబడినా చాలా? మనస్తత్వ శాస్త్రవేత్త సాలమన్ ఆష్ 1950లలో చేసిన గీతల ప్రయోగం గుర్తుకొస్తోంది. గదిలోని మిగిలినవారంతా ముందే అనుకుని, చూపించిన గీతకు సమానం కాని గీతను సమానమని చెబితే, అసలు పరీక్షకు వచ్చినవారు సుమారు మూడింట ఒక వంతు సార్లు వారితోపాటు తప్పు సమాధానమే ఇచ్చారు. ఆ గుంపులో ఒకే ఒక్కడు నిజం చెప్పినప్పుడు, ఆ లొంగుబాటు చాలావరకు పడిపోయింది. మా అన్నయ్య స్నేహితులలో ఒక్కరైనా గేటు తీసుకుని వచ్చి, బకెట్ రెండో వైపు పట్టుకుంటే ఎలా ఉంటుందో అని ఆలోచిస్తున్నాను. ఆ స్నేహితుడిని నేనే కాకపోవడానికి కారణమేమీ కనబడటం లేదు. వచ్చే వారం వెళ్లినప్పుడు క్లిప్పులు నేను పట్టుకుంటాను.

నిర్మల

పట్టుకోండి. కానీ ఉదయరేఖ గారి మొదటి వాదనకు ఒక హద్దు ఉందని గుర్తుచేసి ఆగుతాను. రియాద్‌లో అసలు అంకె పెద్దది కాబట్టి దాన్ని చెప్పడం మేలు చేసింది. అది చిన్నదైతే? స్విట్జర్లాండ్‌లో 1959లో స్త్రీలకు ఓటు హక్కు ఇవ్వాలా అని పురుషులను అడిగితే, మూడింట రెండు వంతుల మంది వద్దని ఓటేశారు. అది అంచనాల పొరపాటు కాదు, రహస్య ఓటింగులో తేలిన అసలు అభిప్రాయం. ఆ అంకె ప్రకటించినందువల్ల ఎదిరించేవారికి బలమే చేకూరి ఉంటుంది. 1971లో దాదాపు అదే నిష్పత్తిలో పురుషులు ఒప్పుకున్నారు. నడిమి పన్నెండేళ్లలో కొన్ని కాంటన్లు (అక్కడి రాష్ట్రాలు) తమ ఎన్నికలలో ముందుగా హక్కు ఇచ్చి, ఏ ఉపద్రవమూ రాలేదని చూపించాయి. స్త్రీలు ఊరేగింపులు చేశారు, వాదించారు, మాట పడ్డారు. కాంటన్ ఎన్నికల విషయంలో అప్పటికీ ఒప్పుకోని అపెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ అనే చిన్న కాంటన్‌లో 1990లో కూడా పురుషులు చేతులెత్తి వద్దన్నారు. ఆ ఏడాది చివర న్యాయస్థానం తీర్పు ఇచ్చాకే అక్కడి స్త్రీలు తమ కాంటన్ వ్యవహారాలలో ఓటేశారు.

ఎక్కడ భయం ఉందో, ఎక్కడ నమ్మకం ఉందో, ఎక్కడ బాకీ ఉందో ముందు తెలుసుకోకుండా అన్నిచోట్లా ఒకే మందు వేయలేము. మా అత్తగారి విషయంలో నేను చేస్తున్నది ఇదే. ఆమెకు అంకెలు చెప్పడం మానేశాను. ఇంటి ఖర్చుల లెక్కలూ, సొంత పేరిట ఖాతా నడపడమూ నేర్పుతున్నాను. కోడలి మీద పెత్తనం ఒక్కటే ఆమె చేతిలో ఉన్న ఆస్తి కాకూడదని నా ఉద్దేశం.

ప్రశాంతి

నిర్మల గారూ, ఆ ఖాతా గురించి మరికొంత రాయగలరా? నా పేరిట విడిగా ఏమీ లేదని ఉదయరేఖ గారి ప్రశ్న చదివాక గమనించాను. నా నిర్ణయం మారలేదు, మారదు కూడా. కానీ ఖాతా తెరవాలనుకుంటున్నాను.